తెర మీది తెల్లచొక్కా

ప్రొద్దుటూరు,
20 జూలై 2003.

ప్రేమకు,

దేవుడు నీ తల మీదా, అమ్మ తల మీదా చెయ్యి ఉంచాలని పొద్దున లేవగానే అడుగుతున్నాను. కంప్యూటరు ఇల్లు చేరిందని ఈశ్వరయ్య మామ చెప్పాడు. లారీలో గొర్రెల మధ్య గోనెపట్టలు కప్పి తెచ్చాడట. దారిలో ఒక పొట్టేలు మానిటరుకు ఆనుకొని పడుకుంటే లేపడానికి తిప్పలు పడ్డానని చెప్పి ఒకటే నవ్వు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అలీ అహ్మద్ అన్న షాపులో పాత విడిభాగాలు ఏరుకొని నా చేత్తో బిగించిన పెట్టె అది. ఇల్లు వదిలాక నా చెయ్యి తగిలిన వస్తువు మన ఇంటికి రావడం ఇదే మొదలు.

మన ఊళ్ళో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ట్రాక్టరు బ్యాటరీ, ఇన్వర్టరు కూడా పంపాను. కరెంటు ఉన్నప్పుడు బ్యాటరీ నిండుతుంది, పోయినప్పుడు దాని మీద నడుస్తుంది. మండలంలోని బడులకు ప్రశ్నపత్రాలు టైపు చేసిచ్చే పని ఒప్పుకున్నావు కదా. సగం కాగితంలో బ్యాటరీ చచ్చిపోతే మొదటికొస్తుంది. అందుకని ఇలా చెయ్యి. తెర మీద ఖాళీ చోట మౌసు కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లోకి పో. అందులో స్క్రీన్ సేవర్ అనే చోట కిందిమూలన పవర్ సెట్టింగ్స్ ఉంటాయి. 'టర్న్ ఆఫ్ మానిటర్' ఎదురుగా పది నిమిషాలు పెట్టు, 'స్టాండ్‌బై' ఎదురుగా ఇరవై. నువ్వు పొయ్యి దగ్గరికి పోతే ముందు తెర ఆరుతుంది, ఆ తర్వాత పెట్టె నిద్రపోతుంది. మౌసు కదిపితే లేస్తుంది. కరెంటు తాగేదంతా ఆ తెరే, దాన్ని ఆర్పితే సగం గెలిచినట్టు.

తెర మీద నా ఫోటో చూసి నవ్వుకోవద్దు. షాపులో కొత్త స్కానరును పరీక్షించడానికి జేబులో అదే ఉంది. పెళ్ళైన కొత్తలో పులివెందులలో తీయించుకున్నాం, ఆ తెల్లచొక్కా ఫోటో.

నన్ను చూడటానికి వస్తానని మామతో అన్నావట. వద్దు. బస్టాండులో మన ఊరివాళ్ళు ఎవరు ఏ బస్సు ఎక్కుతున్నారో అవతలి వర్గం చూస్తూనే ఉంటుంది. నేను ఏ వీధిలో ఉన్నానో నీ వెనకాలే వచ్చి తెలుసుకుంటారు. డ్రైవరుకు జ్వరమొచ్చిందంటే ఒక్క పూట మన వర్గం పెద్దాయన జీపు తోలినందుకు కేసులో ఇరుక్కున్నాను. అది తేలేదాకా వేముల మండలంలో అడుగు పెడితే బెయిలు పోతుంది. పెట్టినట్టు అవతలివాళ్ళకు తెలిస్తే ప్రాణమే పోతుంది. ఈ మామ చేతి ఉత్తరాలతోనే సర్దుకుందాం.

నీ
శుభాకర్


వేముల మండలం, మన ఇల్లు,
3 ఆగస్టు 2003.

బావా,

ఇక్కడ అందరం లేచి తిరుగుతున్నాం. నువ్వు పంపిన పెట్టె ఊరిని కూడా లేపింది, ఆ సంగతి ముందు విను.

నువ్వు చెప్పినట్టే సెట్టింగ్స్‌లోకి పోయాను. పది నిమిషాలెందుకు, ఒక్క నిమిషం పెడితే ఇంకా మిగులుతుంది కదా అని కక్కుర్తి పడ్డాను. సాయంత్రం కరెంటు పోయింది. వీధంతా చీకటి, మన ముందుగది కిటికీలో ఒక్కటే వెలుగు. నేను దొడ్లోకి పోయాను. ఇక్కడ దాడికి వచ్చేవాళ్ళు ముందు దీపాన్నే కొడతారని నీకు నేను చెప్పాలా? వెలిగే కిటికీ ఉన్నట్టుండి ఆరిపోయేసరికి ఈశ్వరయ్య మామ గొడ్డలితో గోడ దూకాడు. గంగులమ్మత్త కారప్పొడి డబ్బాతో వచ్చింది. వాళ్ళ వెనక వీధి సగం. తలుపు తోసుకొని వచ్చి చూస్తే లోపల మీ అమ్మ ఒక్కతే కూర్చొని ఉంది. ఎవరి చెయ్యి తగిలిందో మౌసు కదిలింది. తెల్లచొక్కాలో పళ్ళన్నీ కనిపించేట్టు నువ్వు ప్రత్యక్షం.

గంగులమ్మత్త కారప్పొడి డబ్బా పట్టుకొనే నీ ఫోటోను నిలదీసింది. "మా పానాలు పోతాంటే నువ్వేంది నాయనా ఇట్ల నవ్వుతాండావు?"

అందరూ నవ్వుకుంటూ పోయారు. నేను తలుపేసుకొని ఏడ్చాను. భయపడి కాదు. అందరూ నీతో మాట్లాడినట్టే మాట్లాడి పోయారు, నువ్వు మాత్రం లేవు.

అందుకని ఆరిపోయే సెట్టింగు తీసేశాను. దాని బదులు స్క్రీన్ సేవర్ పెట్టాను, తెర నిండా చేపలు ఈదుతాయి. పేరులోనే సేవర్ ఉంది కాబట్టి కరెంటు మిగులుతుంది, చీకటీ పడదు. నా తెలివి ఎలా ఉంది?

ప్రేమమ్మ


ప్రొద్దుటూరు,
17 ఆగస్టు 2003.

టీచరమ్మకు,

నీ తెలివికి అలీ అహ్మద్ అన్న కూడా దండం పెట్టాడు. ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను, ఏడ్చానన్న చోటు వదిలేసి.

ఆ చేపలు ఈదినంతసేపూ తెర వెలుగుతూనే ఉంటుంది ప్రేమా, బ్యాటరీ కారిపోతూనే ఉంటుంది. అది గాజుతెర మీద మచ్చ పడకుండా కాపాడేది, కరెంటును కాపాడేది కాదు. చేపల్ని తీసెయ్యి. పది నిమిషాలకు ఆరేట్టు మళ్ళీ పెట్టు. పెట్టేముందు చుట్టుపక్కల ఇళ్ళకు చెప్పు, మా కిటికీ ఆరినా గొడ్డళ్ళు తియ్యొద్దని. తెర కింద బొడిపె తిప్పి వెలుగు తగ్గించు. ఇంకొకటి, నా ఫోటో తీసేసి నల్లరంగు పెట్టు. ఈ గాజుతెరలకు తెలుపు చూపించాలంటే కరెంటు ఎక్కువ కావాలి. ఆ చొక్కా మరీ తెలుపు.

ఇక్కడ నా రోజులు ఒక్కలాగే ఉన్నాయి. ఆదివారం ప్రార్థనకు గుడికి పోతాను, అట్నుంచి పోలీసు స్టేషనుకు పోయి బెయిలు సంతకం పెడతాను. ఖమర్‌బీ అద్దె గదితో పాటు రొట్టె కూడా ఇస్తుంది. మధ్యాహ్నం షాపులో అందరూ అన్నానికి పోతే కంప్యూటర్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఆరిపోతాయి. నేను కూర్చొని చూస్తూ ఉంటాను. ఈ వేళకు నువ్వు బడి నుంచి వచ్చి అమ్మకు అన్నం పెడుతుంటావు అనుకుంటాను. కంచం చప్పుడు కూడా వినిపిస్తుంది.

ప్రతి ఉత్తరం కింద అమ్మ నాలుగు ముక్కలు చెప్పి రాయించేది. ఈసారి లేవు. అమ్మ నా మీద అలిగిందా?

శుభాకర్


మన ఇల్లు,
7 సెప్టెంబరు 2003.

బావా,

ఈ ఉత్తరం పిల్లల పలకల మధ్య కూర్చొని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

చేపల్ని సాగనంపాను. పది నిమిషాలు పెట్టాను. ఇంటింటికీ పోయి చెప్పి వచ్చాను. గంగులమ్మత్త మాత్రం ఇంకా మన కిటికీ వైపే చూస్తూ కూరగాయలు తరుగుతుంది. వెలుగు కూడా తగ్గించాను. నల్లరంగు పెట్టడం ఒక్కటీ నాకు చేతకాలేదు.

ఇంత చేసినా బ్యాటరీ నిలవడం లేదు. బడి నుంచి వచ్చి కూర్చొనేసరికే ఇన్వర్టరు కూత పెడుతుంది. ఏడో తరగతి లెక్కల పేపరు సగంలో పోయింది, మళ్ళీ మొదట్నుంచి కొట్టాను. వేముల నుంచి హెడ్మాస్టరు మనిషిని పంపాడు, ఆలస్యమైతే పులివెందులలో ఇచ్చుకుంటామని. బ్యాటరీ పాతది కదా, దాని బలం అంతేనేమో. నువ్వు మనసు పాడుచేసుకోవద్దు.

అత్త బాగుంది. నీకు రాయమన్న మాట ఇది: "నేను బాగుండాను. నువ్వు కడుపుకు తిను. ఈ పక్కకు మాత్రం రావద్దు."

ఉంటాను,
ప్రేమమ్మ


ప్రొద్దుటూరు,
21 సెప్టెంబరు 2003.

ప్రేమమ్మకు,

బ్యాటరీ పాతది కాదు. నేను స్వయంగా నింపి, చూసి పంపాను. పగలంతా పెట్టె ఊరికే పడి ఉంటే, పది నిమిషాలకు తెర ఆరిపోతుంటే, నువ్వు వచ్చేసరికి అది ఖాళీ కావడానికి వీల్లేదు. ఎవరో దాన్ని వాడుతున్నారు.

ఈశ్వరయ్య మామను అడిగాను. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. నేల చూస్తూ ఒక్క మాట అన్నాడు. "దాని ముందర ఎప్పుడూ ఎవరో ఒకరు కూచోనే ఉంటారులే నాయనా." ఎవరు మామా అంటే గొర్రెలు బెదురుతున్నాయని లేచిపోయాడు.

ఎన్నికలు ముందుకొస్తాయని ఇక్కడ అందరూ అంటున్నారు. మన ఊళ్ళో కంప్యూటరు ఉన్న ఇల్లు మనదొక్కటే. పార్టీ కరపత్రం ఒకటి కొట్టియ్యి టీచరమ్మా అని పెద్దాయన మనుషులు నవ్వుతూనే అడుగుతారు. నన్ను కూడా నవ్వుతూనే జీపు ఎక్కమన్నారు. రేపు ఆ కరపత్రం మన ఇంట్లో తయారైందని అవతలివాళ్ళకు తెలిస్తే వాళ్ళు నీ మంచితనం చూస్తారా? నేను ఇక్కడ, నువ్వు అక్కడ, అడ్డం రావడానికి కూడా నేను ఉండను.

సెట్టింగ్స్ అన్నీ చదివి చేసినదానివి, నల్లరంగు పెట్టడం చేతకాలేదని రాస్తే నేను నమ్మాలా? నా దగ్గర ఏదో దాస్తున్నావు. ఎవరు కూర్చుంటున్నారు ప్రేమా? నాకు చెప్పకూడని మనిషి మన ఇంట్లో ఎవరు?

శుభాకర్


మన ఇల్లు,
5 అక్టోబరు 2003.

శుభాకర్ గారికి,

పెద్దాయన మనుషులు నిజంగానే వచ్చారు. ఇది బడి పిల్లల పెట్టె, ఇందులో ప్రశ్నపత్రాలు తప్ప ఇంకేమీ పడవు అని గడప బయటే చెప్పి పంపాను. గంగులమ్మత్త సాక్షి. ఆ పాటి బుద్ధి నాకుంటుందని నీకు తోచలేదు.

ఎవరు కూర్చుంటున్నారో నాకు తెలుసు, చెప్పను. చెప్పనని ఒకరికి మాటిచ్చాను. ఇందులో నువ్వు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నీకు అడ్డం ఒక్క మండలమే బావా, నాకు ఈ గడపే అడ్డం. నువ్వు లేని ఇంట్లో నేను ఎలా ఉంటున్నానో ఒక్కసారి అడగలేదు. బ్యాటరీ ఎలా ఉందని అడిగావు.

ప్రేమమ్మ


ప్రొద్దుటూరు,
12 అక్టోబరు 2003.

ప్రేమా,

నీ ఉత్తరం చదివి అన్నం తినలేదు. నన్ను గారు అన్నావు, అది చాలు.

ఇంక కాగితాల మీద ఈ పని జరగదు. నేనే వస్తాను. వచ్చే ఆదివారం సంతకం పెట్టి, మామ గొర్రెల లారీ ఎక్కుతాను. గొర్రెల మధ్య మానిటరు రాగా లేనిది మనిషి రాలేడా? గోనెపట్ట కప్పుకుంటే ఎవరికి తెలుస్తుంది? చీకటి పడ్డాక దిగి, నిన్నూ అమ్మనూ చూసి తెల్లవారేలోపు వెళ్ళిపోతాను. పట్టుబడితే పట్టుబడ్డాను. ఎవరో నా ఇంట్లో కూర్చుంటున్నారు, నా భార్య చెప్పనంటోంది. ఇలా ఇక్కడ కూర్చోవడం నా వల్ల కాదు.

మామకు ఇంకా చెప్పలేదు. నువ్వూ చెప్పొద్దు.

శుభాకర్


మన ఇల్లు,
15 అక్టోబరు 2003.

బావా, రావద్దు. నీకు దండం పెడతాను, రావద్దు.

గంగులమ్మత్తను కూరగాయల గంపతో ఈ పూట బస్సుకే పంపుతున్నాను, ఎవరికీ అనుమానం రాదు. ఉత్తరం చదివి సరేనని నీ నోటితో ఆమెకు చెప్పి పంపు.

ఆ పెట్టె ముందు కూర్చునేది మీ అమ్మ. అత్తకు రెండు కళ్ళల్లో పువ్వు పడింది, శుక్లమట. నువ్వు పోయాక, ఉగాది ముందే మొదలైంది, ఎండాకాలానికి ముదిరిపోయింది. ఇప్పుడు మనిషి ముఖం కనిపించదు. వెలుగూ చీకటీ తెలుస్తాయి, తెలుపు తెలుస్తుంది. నీ చొక్కా తెలుస్తుంది బావా. నల్లరంగు నేనెలా పెట్టేది?

మొదటిరోజు తెర ఆరిపోగానే అత్త కంగారుగా నన్ను కేకేసింది. "వాడు మళ్ళా పోయినాడు మే, పిలువు." నేను మౌసు కదిపి చూపించాను. అంతే, నేర్చుకుంది. నేను బడికి పోగానే ముందుగదిలో కుర్చీ వేసుకొని కూర్చుంటుంది. తెర ఆరినప్పుడల్లా తడుముకొని మౌసు కదుపుతుంది. పది నిమిషాలు కాదు, నువ్వు ఎంత పెట్టమన్నా అంతే. ఒకరోజు మౌసు ఎత్తి పైన పెట్టాను. సాయంత్రం వచ్చి చూస్తే ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయి ఉంది. ప్రశ్నపత్రాలు ఎటు పోతే అటు పోనీ అని మళ్ళీ దించాను.

ఆపరేషను చేస్తే చూపు వస్తుందట. ఇంకా ఆలస్యమైతే ఆ వెలుగు కూడా పోతుందన్నాడు డాక్టరు. ఆమె ఒప్పుకోదు. కళ్ళకు గంతలు కట్టి ఉన్నప్పుడు నువ్వొస్తే ఎలా అని ఒకసారి అంటుంది. నువ్వు పక్కన లేకుండా కత్తి తగలనివ్వనని ఇంకోసారి అంటుంది. పోనీ నీకు రాస్తానంటే నా తల మీద చెయ్యి పెట్టించుకుంది. "వానికి చెప్తే ఆగడు, వచ్చేస్తాడు. వాని కండ్లు మూపించేదాని కంటే నా కండ్లు పోనీ మే." ఈశ్వరయ్య మామకు కూడా ఒట్టు పెట్టింది. ఇప్పుడు నువ్వు లారీ ఎక్కుతానని రాశావు. ఆమె భయపడిందే జరగబోతోంది కాబట్టి నేను మాట తప్పాను.

నిన్నంతా ఆలోచించాను. జమ్మలమడుగు వేముల మండలంలో లేదు కదా బావా! ఆమెకు బెయిలంటే లోకమంతా మూసేసినట్టే, మనం కూడా అలాగే అనుకుంటూ కూర్చున్నాం. పాస్టరు గారు నెలాఖరుకు గుడి వ్యానులో ముసలివాళ్ళను జమ్మలమడుగు మిషనాసుపత్రికి కళ్ళ ఆపరేషన్లకు తీసుకుపోతున్నారు. గుడి వ్యాను వెనక ఎవరూ పడరు. నువ్వు అక్కడికి రా. నిన్ను తాకి చూస్తేనే ఆమె బల్ల ఎక్కుతుంది.

ఎవరు కూర్చుంటున్నారని అడిగావు కదా, చెప్పాను. ఇప్పుడు లారీ ఎక్కకు.

నీ ప్రేమ


ప్రొద్దుటూరు,
16 అక్టోబరు 2003.

ప్రేమా,

గంగులమ్మత్త గడపలో నిలబడి ఉంది, నేను సరే అనేదాకా మంచినీళ్ళు కూడా ముట్టనంటోంది. సరే అన్నాను. లారీ ఎక్కను. జమ్మలమడుగు వస్తాను. పరుగున పోయి స్టేషనులో రాతపని చూసే రైటరును కూడా అడిగి వచ్చాను, వేముల దిక్కుకు పోనంతవరకు నీ ఇష్టం అన్నాడు.

ఎవరు కూర్చుంటున్నారని రాసిన చెయ్యి ఇదే. ఆ ఉత్తరం నీ దగ్గరుంటే పొయ్యిలో పెట్టు.

ఒక పని చెయ్యి. మళ్ళీ సెట్టింగ్స్‌లోకి పో. పది నిమిషాలు తీసెయ్యి. ఆ వరసలో అన్నిటికన్నా అడుగున 'నెవర్' అని ఉంటుంది. అది పెట్టు. ఇంక తెర ఆరదు. అమ్మ తడుముకోవద్దు. బొడిపె తిప్పి వెలుగు పూర్తిగా పెంచు. బ్యాటరీ చాలకపోతే అలీ అహ్మద్ అన్న ఇంకొకటి ఇస్తానన్నాడు, రేపటి లారీలో మామకు ఇచ్చి పంపుతాను. ఇన్నాళ్ళూ నేను మిగల్చమన్న కరెంటంతా అమ్మ కోసం తగలెయ్యి.

ఆ తెల్లచొక్కా ఇంకా నా దగ్గరే ఉంది. కాలరు చిరిగింది, ఖమర్‌బీ కుట్టి ఇస్తానంది. అది వేసుకొనే వస్తాను, అమ్మ గుర్తుపట్టడానికి.

శుభాకర్


మన ఇల్లు,
23 నవంబరు 2003.

బావా,

ఇది చదివేటప్పుడు తినివున్నావో లేదో. ఆసుపత్రిలో నీ చొక్కా నీ మీద వేలాడింది.

అత్తకు కళ్ళద్దాలు వచ్చాయి. ఊరంతా తిరిగి ఎవరింట్లో దుమ్ముందో చెప్పి వస్తోంది. బియ్యంలో రాళ్ళు నేను సరిగా ఏరలేదని ఇన్నాళ్ళ తిట్లూ కలిపి తిట్టింది. తిట్టనీ, నాకు హాయిగా ఉంది.

మొన్న సాయంత్రం అద్దాలు తుడుచుకొని వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. చాలాసేపు చూసింది.

"ఎవరు మే ఈ పిల్లోడు?"

నాకు భయమేసింది. నీ కొడుకే అత్తా అన్నాను.

"వీడు యాడ నా కొడుకు? నా కొడుక్కు గడ్డం నెరిసింది. దవడలు లోపలికి పోయినాయి. గంత ఇప్పినంక నేను చూసుకోలేదా, నా చేతుల్లో పట్టుకొని? వీన్ని ఆర్పెయ్, బ్యాటరీ దండగ."

అని లేచి వసారాలోకి పోయింది. అక్కడ కూర్చొని కళ్ళద్దాలు తీసి కొంగుతో చాలాసేపు కళ్ళు ఒత్తుకుంది. కొత్త కళ్ళకు నీళ్ళు మంచివి కావని డాక్టరు చెప్పాడు, అయినా ఒత్తుకోనిచ్చాను.

నెవర్ తీసేసి మళ్ళీ పది నిమిషాలు పెట్టాను. నువ్వు చెప్పింది నిజమే, బ్యాటరీ సాయంత్రం దాకా ఉంటోంది. మిగిలిన ప్రశ్నపత్రాలన్నీ కొట్టి ఇచ్చేశాను. హెడ్మాస్టరు అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయన్నాడు.

నువ్వు ఒకసారి ఎలా ఉన్నావని నన్ను అడుగుతావని ఆసుపత్రి వరండాలో ఎదురుచూశాను. మనం ఏం మాట్లాడుకున్నామో గుర్తుందా? బ్యాటరీలో నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలని నువ్వు చెప్పావు. అదే పోస్తున్నానని నేను చెప్పాను. వైర్లు బిగుతుగా ఉన్నాయా అన్నావు, ఉన్నాయన్నాను. అంతలో పాస్టరు గారు వ్యాను ఎక్కమన్నారు. ముద్దనూరు దాటాక గుర్తొచ్చింది, నీ చెయ్యి కూడా పట్టుకోలేదని. వ్యాను ఆపమని అడుగుదామనుకున్నాను. ముసలివాళ్ళంతా కళ్ళకు నల్లద్దాలతో దేవుని పాటలు పాడుతున్నారు. ఏమని అడిగేది?

వాయిదా మళ్ళీ సంక్రాంతి తర్వాతికి పడిందని పులివెందుల నుంచి ప్లీడరు కబురు పంపాడు. నీకూ తెలిసే ఉంటుంది.

నిన్న సాయంత్రం పనంతా అయిపోయింది. ఊరికే ఆ కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి తెర ఆరింది. గాజు మీద నా ముఖమే కనిపించింది. మౌసు కదిపాను, నువ్వు వచ్చావు. మళ్ళీ ఆరింది. మళ్ళీ కదిపాను. వసారాలో నుంచి అత్త అడిగింది, "ఎవరు మే ఆడ? ఇంకా వెలుగుతాండాదే?" ఎవరూ లేరత్తా అన్నాను.

ఈసారి బ్యాటరీ తొందరగా అయిపోతోందని రాస్తే ఎవరు కూర్చుంటున్నారని అడగొద్దు బావా. నేనే.

ప్రేమ